కాటా చీటీని ముందు మెమరీలో రాసుకో

పాలకొల్లు

అమ్మడూ,

రొయ్యల కాటా చీటీల కోసం నువ్వు రాస్తున్న పైథాన్ ప్రోగ్రాము చూశాను. లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ ఒక్కో లైను తయారవగానే ప్రింటర్‌కి పంపేస్తున్నావు. అలా వద్దు. మూడో ట్రే దగ్గర కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క) తప్పు కొట్టారనుకో, అప్పటికే సగం చీటీ కాగితం మీదకి వచ్చేసి ఉంటుంది. గట్టు మీద రైతు చూస్తుండగా దాన్ని చించి ఇంకోటి తీస్తే అనుమానం రాదూ? చీటీ మొత్తం ముందు మెమరీలో రాసుకో. లెక్క కుదిరాక ఆ పాఠాన్నే ప్రింటర్‌కీ, ఫైలుకీ, వాట్సాప్‌కీ పంపు.

దీనికి విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఐఓ మాడ్యూల్‌లో స్ట్రింగ్‌ఐఓ అనే క్లాసు ఉంది. ఫైలులో రాసినట్టే, చదివినట్టే దానిలోనూ చెయ్యొచ్చు, డిస్కు మీద మాత్రం ఏమీ పడదు. రైట్‌తో రాస్తావు, చివర్లో గెట్‌వేల్యూ పిలిస్తే మొత్తం పాఠం ఒకే స్ట్రింగుగా చేతికొస్తుంది. రైట్‌కి స్ట్రింగు తప్ప ఇంకేదీ పట్టదు. బరువుని అంకెగానే ఇస్తే టైప్ ఎర్రర్ కొడుతుంది. లైను చివర న్యూలైన్ కూడా నువ్వే పెట్టాలి. ఈ రెండు బాధలూ వద్దంటే ప్రింట్‌నే వాడి, దాని ఫైల్ ఆర్గ్యుమెంట్‌కి ఈ బఫర్‌ని, అంటే మెమరీలో పాఠం దాచే స్ట్రింగ్‌ఐఓ వస్తువుని, ఇవ్వు.

చీటీ రాసే ఫంక్షన్ లోపల మాత్రం బఫర్ తయారుచెయ్యకు. ఎక్కడ రాయాలో ఆ వస్తువుని బయటి నుంచి పుచ్చుకునేలా రాయి. ఇవాళ బఫర్ ఇస్తావు, రేపు నిజం ఫైలే ఇస్తావు, ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఇక అందరూ తడబడే చోటు. బఫర్‌లో ఒక స్థానం ఉంటుంది, కలం ములికి ఎక్కడ ఆనిందో ఆ చోటన్నమాట. బఫర్ తయారుచేసేటప్పుడే మొదటి పాఠం ఇచ్చావనుకో, ములికి ఆ పాఠం చివర ఉండదు, మొదట్లో సున్నా దగ్గరే ఉంటుంది. ‘కాటా చీటీ’ అన్న పాఠంతో బఫర్ తెరిచి, వెంటనే ‘రైతు’ అని రాసి చూడు. ‘కాటా చీటీ రైతు’ రాదు, ‘రైతు చీటీ’ వస్తుంది. ‘కాటా’లో నాలుగు కోడ్ పాయింట్లు (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక కోడ్ పాయింటు), ‘రైతు’లోనూ నాలుగే, అందుకని ఒకదాని మీద ఇంకోటి అతికినట్టు కూర్చుంది. ఎర్రర్ రాదు, చదివితే అర్థం కూడా ఉంటుంది, అదే ప్రమాదం. మందు సులువు: ఖాళీ బఫర్ తెరిచి శీర్షికని కూడా రైట్‌తోనే రాయి. లేదంటే సీక్‌కి 0, 2 ఇచ్చి ములికిని చివరికి జరుపుకో.

రాయడం అయ్యాక రీడ్ పిలిస్తే ఖాళీ స్ట్రింగు వచ్చేదీ ఇందుకే. ములికి చివర ఉంది, దాని తర్వాత చదవడానికేముంది? గెట్‌వేల్యూకి ఆ స్థానంతో పని లేదు, ఎప్పుడు పిలిచినా మొత్తం ఇస్తుంది.

ఒక బఫర్‌నే తుడిచి రెండో చీటీకి వాడదామని ట్రంకేట్ సున్నా ఒక్కటే పిలిచావు నీ కోడ్‌లో. పాఠం పోతుంది, ములికి కదలదు. మొదటి చీటీలో 300 కోడ్ పాయింట్లుంటే, రెండోది రాయగానే ముందు 300 నల్ క్యారెక్టర్లు (విలువ సున్నా ఉన్న ఉత్త గుర్తులు) చేరతాయి. టెర్మినల్‌లో అవి చాలావరకు కనబడవు. రెప్ర్ (కనబడని గుర్తుల్ని కూడా రాసి చూపే ఫంక్షన్) పెట్టి చూస్తే వరసగా బయటపడతాయి. సీక్ సున్నా ముందు, ట్రంకేట్ తర్వాత పిలిస్తే సరిపోతుంది. నన్నడిగితే ఆ పొదుపు మనకెందుకు, ఒక్కో చీటీకి కొత్త బఫర్ తెరువు. దానికయ్యే ఖర్చు ఎంతని!

విత్ బ్లాకులో తెరిస్తే, బ్లాకు దాటగానే బఫర్ మూసుకుపోతుంది, లోపలిదంతా పోతుంది. ఆ తర్వాత గెట్‌వేల్యూ అడిగితే వేల్యూ ఎర్రర్. కాబట్టి పాఠాన్ని బ్లాకులోనే తీసుకో. మీ తమ్ముడు జావాలో స్ట్రింగ్‌రైటర్ వాడుతున్నాడుగా, అక్కడ క్లోజ్ చేసినా ఏమీ కాదు, పాఠం అలాగే ఉంటుంది. వాడి అలవాటు నీకు అంటించుకోకు.

తెలుగు పాఠం దగ్గర ఇంకో చిక్కుంది. ‘రొయ్యలు’ కంటికి మూడక్షరాలు. పైథాన్‌కి ఏడు కోడ్ పాయింట్లు. రైట్ తిరిగిచ్చే అంకె కూడా ఏడే. పాఠాన్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో ఒక్కోటీ మూడు బైట్లు చొప్పున 21 బైట్లు. నువ్వేమో ఎల్‌జస్ట్ 12 పెట్టి, అంటే 12 కోడ్ పాయింట్లు అయ్యేదాకా ఖాళీలు నింపి, నిలువులు సరిచేస్తున్నావు. ‘రొయ్యలు’ తర్వాత అయిదు ఖాళీలు పడతాయి. ‘ఐస్’లో మూడే కోడ్ పాయింట్లు గనక తొమ్మిది పడతాయి. మూడక్షరాలూ అయిదు ఖాళీలూ ఒక లైను, రెండక్షరాలూ తొమ్మిది ఖాళీలూ ఇంకో లైను, అంకెలు ఒకే నిలువులో ఎలా నిలుస్తాయి? అంకెల్ని లైను ఎడమ పక్కనే పెట్టి, వాటి కుడి అంచులు కలిసేలా రాయి, తెలుగు పేరు లైను చివరికి తోసెయ్యి. చివర ఎంత వంకరైనా లెక్క చెడదు. 58 మిల్లీమీటర్ల కాగితం మీద మామూలు ఫాంటుకి 32 గళ్లే పడతాయి కనుక పేర్లు పొట్టిగా పెట్టు.

అసలు చాలా థర్మల్ ప్రింటర్లకి తెలుగు ఫాంటే ఉండదు. బఫర్‌లోంచి వచ్చిన పాఠాన్ని బొమ్మగా గీసి పంపాలి. పిల్లో లైబ్రరీతో గీస్తే అక్షరాల్నీ వత్తుల్నీ సరిగ్గా కూర్చే రాక్మ్ లేఅవుట్ ఉందో లేదో ముందు చూసుకో, అది లేకపోతే వత్తులు విడిపోయి ‘రొయ్యలు’ గుర్తుపట్టలేకుండా వస్తుంది. ప్రింటర్‌కి చివరికి వెళ్లేవి బైట్లు. వాటిని స్ట్రింగ్‌ఐఓలో రాయకు, ఒప్పుకోదు. వాటికి బైట్స్‌ఐఓ వేరే ఉంది.

పాత మాడ్యూల్‌లో నేరుగా ప్రింట్ చేసే ఫంక్షన్లున్నాయిగా, వాటిని మార్చలేకపోతే కాంటెక్స్ట్‌లిబ్ మాడ్యూల్‌లో రీడైరెక్ట్ స్టడౌట్ వాడి, తెర మీదకి వెళ్లేదాన్ని బఫర్‌లోకి మళ్లించు. అయితే అది ప్రోగ్రాము మొత్తానికి మళ్లుతుంది. రెండు కాటాలకి రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు) నడిపితే ఒకరి బరువు ఇంకొకరి చీటీలో పడుతుంది. ఒక్క థ్రెడ్ ఉన్నచోటే వాడు.

సాయంత్రం లెక్కలకి, కామాలతో విడదీసిన పట్టిక రాసే సీఎస్‌వీ రైటర్‌ని బఫర్‌లోకి రాయిస్తే ప్రతి లైను చివరా క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ అనే లైను ముగింపు గుర్తులు రెండూ పెడుతుంది. ఆ పాఠాన్ని విండోస్‌లో మామూలుగా తెరిచిన ఫైలులో పోస్తే ఇంకో క్యారేజ్ రిటర్న్ చేరి ఎక్సెల్‌లో లైను విడిచి లైను ఖాళీ వస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ ఆర్గ్యుమెంట్‌కి ఖాళీ స్ట్రింగు ఇవ్వు, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ పెట్టు, ఎక్సెల్ తెలుగుని సరిగ్గా చూపిస్తుంది.

మెమరీలో ఉన్నది లాప్‌టాప్ ఆరిపోతే పోతుంది. చెరువు గట్టు మీద బ్యాటరీని నమ్ముకోకు. గెట్‌వేల్యూ తీసుకున్న వెంటనే ముందు ఫైలుకి రాసి, ఫ్లష్ చేసి, రాసింది డిస్కుకి చేరేలా ఎఫ్‌సింక్ పిలిచి, ఆ తర్వాతే ప్రింటర్‌కి పంపు. కాగితం రైతు చేతికెళ్లి నీ దగ్గర నకలు లేకపోవడం కన్నా, నకలుండి కాగితం రాకపోవడం నయం, మళ్లీ తీసివ్వొచ్చు. సీజన్ మొత్తం చీటీలు ఒకే బఫర్‌లో పోగెయ్యడం కూడా వద్దు.

ఒక సంగతి చూసుకో. చీటీలో నికర బరువు ఒక్కటే వేస్తున్నావు. ట్రేతో 31.4, ట్రే 1.9, నికరం 29.5 అని మూడూ విడివిడిగా వెయ్యి. ఈ మూడు అంకెలతోనే ఒక టెస్టు రాసి, గెట్‌వేల్యూ ఇచ్చిన పాఠాన్ని నువ్వు చేత్తో రాసుకున్న చీటీతో పోల్చు, చివరి న్యూలైన్‌తో సహా. తేడా వస్తే రెండిటి రెప్ర్‌లూ నాకు పంపు.

మావయ్య