సూపర్‌: ముందు నోటీసు, తర్వాతే విలీనం

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. సూపర్ (ఆస్ట్రేలియాలో యజమాని జమచేసే పదవీ విరమణ పొదుపు) కాకుండా ఏడాదికి 95,000 డాలర్ల జీతం. పాత ఉద్యోగం తాలూకు సూపర్ ఖాతా ఒకటి, ఇప్పటిది ఒకటి ఉన్నాయి. ఈ 2025-26లో చేతి డబ్బు 10,000 డాలర్లు పాత ఖాతాలో వేశాను. రెండు ఖాతాలూ కలిపేసి, పన్ను రిటర్న్‌లో ఆ పదివేలకు మినహాయింపు అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు గానీ, మీరు చెప్పిన వరుసలో చేస్తే మినహాయింపు పోతుంది. ముందు పాత ఫండ్‌కు (ఆ ఖాతా నడిపే సంస్థకు) ‘నోటీస్ ఆఫ్ ఇంటెంట్’, అంటే మినహాయింపు అడగబోతున్నానని తెలిపే ఫారం ఇవ్వండి. చాలా ఫండ్లలో లాగిన్ అయి అక్కడే నింపేయొచ్చు. ‘మీ నోటీసు అందింది’ అని వాళ్ల నుంచి రాతపూర్వకంగా వచ్చాకే రిటర్న్ వేయాలి, ఖాతా తరలించాలి. డబ్బంతా ముందే కొత్త ఖాతాకు పంపేస్తే పాత ఫండ్‌లో మీరు సభ్యులే కారు. ఇక నోటీసు చెల్లదు. కొంత భాగమే తరలించినా, మినహాయింపు ఆ మేరకు తగ్గుతుంది.

ఇంత తాపత్రయం ఎందుకంటే, లెక్క చూడండి. మీ ఆదాయం 30 శాతం శ్లాబులో ఉంది, పైన 2 శాతం మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్య సేవల సుంకం). పదివేల మినహాయింపుతో 3,200 డాలర్ల పన్ను తగ్గుతుంది. ఫండ్ ఆ పదివేలలోంచి 15 శాతం, అంటే 1,500 కోసుకుంటుంది. మీకు మిగిలేది 1,700. నోటీసు ఇవ్వకపోతే ఫండ్ ఆ 1,500 కోయదు, మీకూ 3,200 రాదు.

పరిమితి సంగతి: పన్ను రాయితీతో సూపర్‌లో వేయగలిగేది 2025-26కి 30,000 డాలర్లు. యజమాని వేసే 12 శాతం (మీకు 11,400) కూడా ఇందులోకే వస్తుంది. రెండూ కలిపి 21,400, ఇబ్బంది లేదు. ఇంకా వేయాలనుకుంటే ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ 30 దాకా ఆగకండి. మీరు బీపేలో (బ్యాంకు ద్వారా బిల్లులు కట్టే పద్ధతి) పంపిన రోజు కాదు, ఫండ్‌కు చేరిన రోజే లెక్క. అది ఒక్కోసారి రెండు మూడు పనిదినాలు పడుతుంది.

ఖాతాలు కలపడం చాలా సులువు: మైగవ్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) ఏటీఓ (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) సేవల్లోకి వెళ్లి, ‘సూపర్’ కింద తరలింపు ఎంచుకుంటే సరి. ఆ సులువే ప్రమాదం కూడా. పాత ఖాతా మూతపడగానే అందులోని జీవిత బీమా, అంగవైకల్య బీమా, ఆదాయ రక్షణ కూడా పోతాయి. మీకు షుగరో, వెన్నునొప్పో ఉంటే కొత్త బీమా దొరకకపోవచ్చు, దొరికినా ఆ జబ్బును మినహాయించవచ్చు. కొత్త ఖాతాలో బీమా ఎంత ఉందో ముందు చూసుకోండి. అలాగని పాత ఖాతాను ఊరికే వదిలేసినా, 16 నెలలు డబ్బేమీ పడకపోతే, మీరు రాసిస్తే తప్ప బీమా రద్దవుతుంది.

ఒక్కమాట: ఈ పదివేలు 60 దాటి ఉద్యోగం మానేదాకా, లేదా 65 వచ్చేదాకా మామూలుగా చేతికి రావు. ఇంటికి డిపాజిట్ కూడబెడుతుంటే, మొదటి ఇంటి కొనుగోలుకు ఉన్న ప్రత్యేక వెసులుబాటు మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మావారిది తాత్కాలిక వీసా. ఇండియాకు తిరిగి వెళ్లిపోతే సూపర్ ఇస్తారా?

జవాబు: ఇస్తారు. దేశం విడిచి, వీసా ముగిశాక ఏటీఓ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. మామూలు ఖాతాలో పన్ను విధించదగ్గ భాగంపై 35 శాతం కోత ఉంటుంది. ఆరు నెలలు దాటితే డబ్బు ఏటీఓకు మారుతుంది గానీ, అక్కడి నుంచీ అడగొచ్చు. ఈలోగా పర్మనెంట్ రెసిడెన్సీ వస్తే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.