మ్యాప్ మీద గీత గీసే ముందు

తల్లీ, నీకు టౌన్ ప్లానింగ్‌లో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు, చాలా సంతోషమైంది. అది కూడా బెజవాడలో కొండ వార్డులంట కదా, అందుకే నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్ల ల్యాండ్‌స్లైడ్ మ్యాప్, అంటే కొండచరియలు ఎక్కడ జారొచ్చో చూపించే మ్యాప్ తీసి మన కొండ అందులో ఉందో లేదో చూసుకో, ఉన్నా దాన్నే నమ్ముకోకు. అది 1:50,000 స్కేల్, మ్యాప్ మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అరకిలోమీటరు, మొగల్రాజపురం సందులు అందులో ఏం కనపడతాయి చెప్పు.

అసలు సంగతి ఇది. రాయి ఎక్కణ్నుంచి ఊడుద్దో అందరూ చూస్తారు, ఎక్కడిదాకా వచ్చి ఆగుద్దో చూడరు. 2024 జులై 30న కేరళ వయనాడ్‌లో కొండ జారింది పైన అడవిలో, కానీ ఆ బురద, బండలు ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు వచ్చి ముండక్కై, చూరల్‌మల ఊళ్లని ఊడ్చేశాయి. నెల తర్వాత ఆగస్టు 31న మన మొగల్రాజపురంలోనే కొండ కింద ఇళ్ల మీద బండలు పడి మనుషులు పోయారు. అందుకని మ్యాప్ మీద నువ్వు గీసే డేంజర్ గీత వాలు అంచు దగ్గర ఆపకు, కొండ కింద నడిచి పాత బండలు ఎక్కడిదాకా దొర్లి ఉన్నాయో చూడు, అక్కడిదాకా డేంజరే. వాన నీళ్లు దిగే వాగు దారి కూడా అందులో కలుపు, ఆ లోపల అంగన్‌వాడీకి, స్కూల్‌కి స్థలం ఇవ్వనివ్వకు ఎవరు అడిగినా.

ఇంక నీళ్లు. మన కొండల్లో ఖొండలైట్ రాయి, నానీ నానీ మెత్తబడి మట్టయిపోద్ది, దానికి తోడు పై ఇళ్ల వాడకం నీళ్లు, సెప్టిక్ ట్యాంకులు అన్నీ లోపలికే ఇంకుతాయి. కొండ మట్టి జారకుండా కట్టే రిటైనింగ్ వాల్‌కి నీళ్లు బయటికి పోవడానికి కన్నాలు పెడతారు కదా, మురికి రోడ్డు మీదకి కారుతోందని జనం సిమెంట్ పెట్టి మూసేస్తారు, అప్పుడు గోడ వెనక నీళ్లు నిలిచి గోడనే తోసేస్తాయి, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే తిరిగి అవి తెరిపించు. ఇంటి వెనక రెండడుగుల జాగా కోసం కొండ అడుగు తవ్వేవాళ్లని కూడా అప్పుడే ఆపాలి.

అక్కడుండేది ఆటో తోలుకునేవాళ్లు, ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లు, ఊరవతల ఎక్కడో ఫ్లాట్ ఇస్తే రోజూ బస్ ఛార్జీలు పెట్టుకోలేక మళ్లీ అక్కడికే వచ్చేస్తారు, వాళ్ల తప్పేం లేదు. పనికి దగ్గర్లో జాగా చూపించమని ఫైల్లో గట్టిగా రాయి. అందర్నీ ఒకేసారి కదపలేవు కాబట్టి నిలువుగా తవ్వేసిన కొండ కిందున్న ఇళ్ల నుంచి లిస్ట్ మొదలుపెట్టు.