మేడ పైకి అందని వైఫై

ప్రశ్న: కింది అంతస్తులో ముందు గదిలో, ఇనుప బీరువా పక్కన రౌటర్ పెట్టించాము. పై గదిలో చదువుకునే మా అబ్బాయికి సిగ్నల్ అందడం లేదు. ఎక్కువ వేగమున్న ప్లాన్ తీసుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అక్కరలేదు. మీరు డబ్బు చెల్లించే వేగం రౌటర్ వరకే వస్తుంది. అక్కడి నుంచి పైకి చేరవలసినవి రేడియో తరంగాలు, వాటిని మీ బీరువా తిప్పికొడుతూ ఉంటే, కడ్డీలు వేసిన కాంక్రీటు శ్లాబూ దానిపై పరిచిన చీమకుర్తి గ్రానైటూ మరింత బలహీనపరుస్తాయి. కాబట్టి రౌటర్‌ను మెట్ల దగ్గర, తల ఎత్తుకు పైన గోడకు బిగించమనండి. (ముందు గదిలో పెట్టేది తీగ లాగేవారి సౌకర్యానికే గాని మన సౌకర్యానికి కాదు.)

పై గదిలోని ఫోన్‌ను 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు (రౌటర్ పంపే రేడియో తరంగాల శ్రేణులలో ఒకటి) కలపండి. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే అయినా గోడలు దాటడంలో వెనుకబడుతుంది. ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ ఉంటే, ఆ 2.4 బ్యాండ్‌లోని ఛానళ్లలో (చిన్న చిన్న విభాగాలలో) ఒకదానితో ఒకటి కలగాపులగం కాని 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానిని రౌటర్ సెట్టింగులలో ఎంచుకోండి. ఆ సెట్టింగులు తెరిచినప్పుడే, రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను (ఆ సెట్టింగులు తెరిచేందుకు వాడేది) కూడా మార్చివేయండి.

అప్పటికీ అందకపోతే, సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేస్తూ వేగాన్ని తగ్గించే రిపీటర్ కన్నా, పైకి లాన్ కేబుల్ (రౌటర్‌కు తగిలించే ఇంటర్నెట్ తీగ) లాగించి రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింటుగా (తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌ను అక్కడ వైఫైగా పంచేదిగా) పెట్టించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది.