డిస్క్ అంతా ఒకేసారి పంచేయకు

చి. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

మీ కాలేజీ ల్యాబ్ సర్వర్ నీ చేతికి వచ్చిందని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. 2 టీబీ డిస్క్, 200 మంది పిల్లలు, తలా 10 జీబీ ఇచ్చేస్తే సరిపోతుందని అనుకుంటున్నావట. అలా చేయకు తల్లీ.

పిల్లల ఫైళ్లుండే హోమ్‌కి 1.5 టీబీ చాలు. మిగిలింది ఎల్‌వీఎం (డిస్క్‌ను తర్వాత పెంచుకోగల భాగాలుగా, అంటే వాల్యూమ్‌లుగా, పంచే లినక్స్ సదుపాయం) వాల్యూమ్ గ్రూపులోనే, అంటే దాని ఉమ్మడి నిల్వలోనే, ఖాళీగా ఉండనీ. అవసరం పడ్డ రోజు ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కి మైనస్ ఆర్ తగిలించి నడిపితే, వాల్యూమ్‌తో పాటు దాని మీద ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది. పిల్లల పని ఆగదు. ఇచ్చిన చోటు వెనక్కి తీసుకోవడమే కష్టం. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 రకం అయితే అన్‌మౌంట్ చేసి, అంటే వాడకం ఆపి విడదీసి, కుదించాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ ఆశే పెట్టుకోకు.

ఇక కోటా, అంటే ఒక్కొక్కరు వాడగలిగే చోటుకి హద్దు. సాఫ్ట్ లిమిట్ (కొన్నాళ్లు దాటనిచ్చే హద్దు) 5 జీబీ, హార్డ్ లిమిట్ (అసలు దాటనివ్వని హద్దు) 7 జీబీ పెట్టు. ఆ రెండింటి మధ్య ఎడం తప్పకుండా ఉండాలి. ఉద్యోగంలో కొత్తలో నేను రెండింటికీ ఒకే అంకె పెట్టాను. ఒకబ్బాయి రాత్రి పొద్దుపోయాక ప్రాజెక్ట్ రిపోర్ట్ సేవ్ చేశాడు. ఎడిటర్ ముందు పాత ఫైల్‌ను ఖాళీ చేసింది. వెనకాల అతని ప్రోగ్రామే ఒకటి అవుట్‌పుట్ రాస్తూ ఉంది, ఖాళీ అయిన ఆ కాస్త చోటునూ అది మింగేసింది. ఎడం లేదు కాబట్టి వెంటనే 'డిస్క్ కోటా ఎక్సీడెడ్' (కోటా దాటింది) అని వచ్చింది. పొద్దున చూస్తే రిపోర్ట్ సైజు 0. ఆ పిల్లాడు నా టేబుల్ దగ్గర నిలబడి ఏమీ అనలేదు. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది.

సాఫ్ట్ లిమిట్ దాటినవాళ్లకి మామూలుగా 7 రోజుల గడువు ఉంటుంది. అది తీరితే సాఫ్ట్ లిమిటే హార్డ్ లిమిట్‌లా అడ్డం పడుతుంది. సంక్రాంతికి ఊరెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి ఒక్క లైన్ కూడా సేవ్ చేసుకోలేరు. అందుకే సెలవులకు ముందే ఎడ్‌కోటా కమాండ్‌తో గడువు 14 రోజులు చెయ్యి.

రోజూ పొద్దున్నే రెప్‌కోటా (అందరి వాడకం చూపే కమాండ్) చూడు. పేరు పక్కన రెండు గీతలుంటే అంతా బాగున్నట్టు. మొదటి గీత ప్లస్ అయితే చోటు దాటారు, రెండోది ప్లస్ అయితే ఫైళ్ల సంఖ్య దాటారు. ఫైళ్ల సంఖ్యకు కూడా లిమిట్ పెట్టడం మరిచిపోకు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పడితే, జీబీలు మిగిలి ఉన్నా ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతాయి.

ప్లస్ కనిపించిన పిల్లలకు మెయిల్‌తో సరిపెట్టకు, పిలిచి మాట్లాడు. చాలామందికి తమ చోటు దేనికి పోతోందో తెలియదు. పక్కన కూర్చుని డీయూ (ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపే కమాండ్) కొట్టి చూపిస్తే వాళ్లే తీసేసుకుంటారు. నిజంగా అవసరమున్న పిల్లకి సెట్‌కోటా కమాండ్‌తో ఇంకో 3 జీబీ పెంచు. దానికోసమే కదా ఆ ఖాళీ ఉంచమన్నది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ భాగాన్ని ఎక్కడ, ఎలా తగిలించాలో రాసే ఫైల్‌లో) ఏం రాశావో చదివి వినిపిద్దువు గానీ.

మీ బాబాయి