పాత కారు బానెట్ బొమ్మ అసలుదో, తర్వాత పోసిందో ఎలా తెలుస్తుంది?

పాలకొల్లులో పాత సామాన్ల కొట్టులో డాడ్జ్ అనే అమెరికన్ కారు బానెట్ మీద బిగించే పొట్టేలు బొమ్మ చూశానని, 1950 నాటి అసలు సరుకంటున్నారని, కొనొచ్చా అని అడిగారు. కొమ్ములూ మొహమూ చూసి తేల్చుకోకండి. బొమ్మను తిరగేసి అడుగు చూడండి.

ఆ కాలపు అమెరికన్ కార్ల బొమ్మలు ఎక్కువగా జింక్ మిశ్రమంతో డై కాస్టింగ్‌లో వచ్చినవి. కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి, గట్టిపడ్డాక పిన్నులతో బయటికి తోస్తారు. అందుకే అడుగున గుండ్రటి పిన్ను గుర్తులుంటాయి, గోడ పలచగా ఒకే మందంలో ఉంటుంది, పార్ట్ నంబరు ఉబ్బెత్తుగా, పదునుగా కనిపిస్తుంది. ఇసుక మూసలో పోసినదైతే లోపలంతా గరుకు, గ్రైండర్ గీతలు. నంబరున్నా అరిగిన సబ్బు మీద అక్షరాల్లా మొద్దుబారి ఉంటుంది, అసలు బొమ్మనే ఇసుకలో నొక్కి అచ్చు తీస్తారు గనక. మన అజ్జరం లాంటి చోట్ల ఇత్తడి పోతలో ఆరితేరిన చేతులున్నాయి. అలాంటి పనివాడు పోస్తే పైభాగం చూసి పట్టుకోవడం నిజంగా కష్టమండి.

కానీ కొలత దాగదు. ఇత్తడి గట్టిపడేటప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకుంటుంది. 150 మి.మీ. బొమ్మ నుంచి అచ్చు తీస్తే కొత్తది 2 మి.మీ. దాకా పొట్టిదవుతుంది. అదే మోడల్ అసలు బొమ్మ ఉన్నవాళ్ల దగ్గర కొలతలు తీసుకుని, వెర్నియర్ కాలిపర్‌తో పొడవూ కొమ్ముల వెడల్పూ సరిచూడండి. సాన పట్టి మళ్లీ క్రోమ్ వేయించిన అసలు బొమ్మకు అంచులు మెత్తబడతాయి గానీ మొత్తం కొలత ఇంత తగ్గదు. ఈ రెంటినీ కలిపేసి మంచి బొమ్మను వదులుకునేవాళ్లున్నారు.

లోహం తెలియాలంటే వంటింటి డిజిటల్ కాటా చాలు. స్టడ్‌లు (బొమ్మను కారుకు బిగించే మరల కడ్డీలు), నట్లు వస్తే తీసేసి బొమ్మను తూచండి. తర్వాత నీళ్ల గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, బొమ్మను దారంతో పూర్తిగా ముంచండి, అడుగుకీ అంచుకీ తగలకూడదు. కాటా చూపించే గ్రాములే ఘన సెంటీమీటర్లలో దాని ఘనపరిమాణం. బరువును దాంతో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. 540 గ్రాముల బొమ్మకు 81 వస్తే 6.7, అంటే జింక్. 64 వస్తే 8.4, అది ఇత్తడి. డొల్లలో గాలి బుడగ నిలిస్తే లెక్క తప్పుతుంది, నీళ్లలో అటూ ఇటూ వంచి వదిలించండి.

స్టడ్ మరలు కూడా చూడండి. అమెరికన్ కారుకు అంగుళాల కొలత ఉండాలి, ఎం6 (6 మి.మీ. మెట్రిక్ మర) కనిపిస్తే అనుమానించాలి. స్టడ్ మార్చి ఉండొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. బ్రిటిష్ కార్ల బొమ్మల్లో ఇంకో చిక్కు: పావు అంగుళం బీఎస్‌ఎఫ్‌కు (పాత బ్రిటిష్ సన్న మరల కొలత) అంగుళానికి 26 మరలు, ఎం6కు 25.4. మరల మధ్య దూరం చూసే పిచ్ గేజ్ రెంటికీ సరిపోయినట్టే ఉంటుంది, వ్యాసం కొలవాల్సిందే: 6.35 మి.మీ.కి దగ్గరా, 6కి దగ్గరా అని. పైగా పాత బ్రిటిష్ బొమ్మల్లో ఇత్తడి, కంచు మామూలే. అక్కడ ఇత్తడి అయినంత మాత్రాన నకిలీ అనకూడదు.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి జింక్ మీది క్రోమ్ చిన్న చిన్న బొబ్బలుగా లేచి తెల్లటి పొడి వస్తుంది. ఆకుపచ్చ చిలుం కొద్దిగా ఉన్నా కంగారు పడకండి, నికెల్ కింద రాగి పూత ఉంటుంది. గుంట అడుగున పసుపు లోహం మెరిస్తేనే ఇత్తడి.

శుభ్రం చేద్దామని చింతపండు, నిమ్మకాయ మాత్రం వాడొద్దు. ఇత్తడి బిందెకు అది మంచిదే, జింక్‌ను పులుపు తినేస్తుంది. ఒక్క రాత్రి నానబెట్టినా బొబ్బల కింద గుంటలు పెద్దవవుతాయి.

బొమ్మను చెక్క పీటకు అతికించి అమ్ముతుంటే, డబ్బివ్వకముందే ఊడదీయించి అడుగు చూపించమనండి. కుదరదంటే ఇత్తడి పోత ధర దాటి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.