బరువు కంటే ముందు చూసుకోవలసినది

ప్రశ్న: నా వయసు 36. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగిని. ఇద్దరు పిల్లలు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. డిప్రెషన్, ఆందోళన ఉన్నాయని నిరుడు మానసిక వైద్యులు ఎస్సిటలోప్రామ్ రాశారు. కొంత తేరుకున్నాను కానీ నాలుగు కిలోలు పెరిగాను. ఆ మందు వల్లే లావవుతున్నావని మా తోడికోడలు అనడంతో రెండు నెలల క్రితం ఎవరికీ చెప్పకుండా మానేశాను. ఆ కొత్తలో తలలో కరెంటు కొట్టినట్టు అనిపించేది. మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్లి. అప్పటికి 15 కిలోలు తగ్గాలని పగలు ఒక్క పూటే తింటున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి మిక్చరు, లడ్డూలు, ఏది దొరికితే అది తినేసి, తర్వాత ఏడుస్తున్నాను. జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కితే గుండెదడ, ఊపిరాడకపోవడం, అక్కడే పడిపోతానేమోనన్న భయం. మా వారు రోజూ పొద్దున నా బరువు చూస్తారు, పెరిగితే ఆ రోజంతా మాట్లాడరు. మిద్దె మీద ఎంతో ఇష్టంగా పెంచుకున్న మొక్కలన్నీ ఎండిపోయాయి. రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. బరువు తగ్గితే డిప్రెషన్ పోతుందా? బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేముందు, వాటికి కాస్త పైన మీరు తేలిగ్గా రాసి వదిలేసిన వాక్యం గురించి మాట్లాడాలి. పొద్దున లేవకపోతే బాగుండుననిపించడం డిప్రెషన్‌లో చాలామందికి వచ్చే ఆలోచనే. అది వచ్చినందుకు మీరు సిగ్గుపడనక్కర్లేదు, కానీ దాన్ని దాచిపెట్టకూడదు. మానేసిన మందుల్లో మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంటే ఈ రోజే మీ వారికో, మీ అమ్మగారికో ఇచ్చేయండి. ఆ ఆలోచన తరచుగా వస్తున్నా, ఎలా, ఎప్పుడు అన్న వైపు మళ్లుతున్నా, ఏ గంటయినా సరే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒంటరిగా ఉండలేని స్థితి అనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా ఎవరినైనా వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీ మొదటి ప్రశ్న. బరువుకూ డిప్రెషన్‌కూ సంబంధం ఉన్న మాట నిజమే, అది రెండు వైపులా నడిచే సంబంధం. ఏళ్ల తరబడి మనుషులను గమనించిన అధ్యయనాలను 2010లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, స్థూలకాయం ఉన్నవారికి తర్వాతి కాలంలో డిప్రెషన్ వచ్చే అవకాశం సుమారు 55 శాతం, డిప్రెషన్ ఉన్నవారికి స్థూలకాయం వచ్చే అవకాశం సుమారు 58 శాతం ఎక్కువగా కనిపించాయి. కాబట్టి దేన్నుంచి మొదలుపెట్టినా రెండోది బాగుపడాలి కదా అని మీకు అనిపించవచ్చు. పుస్తకం లెక్క ప్రకారం అది సబబే. మీ విషయంలో మాత్రం కుదరదు. ఎందుకంటే, బరువు తగ్గడానికి మీరు ఎంచుకున్న పద్ధతే మీ డిప్రెషన్‌ను పెంచుతోంది.

ఇది నా ఊహ కాదు. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంపిక చేసిన 36 మంది యువకులకు ఆరు నెలల పాటు, వారు అంతకుముందు తింటున్న దానిలో దాదాపు సగం ఆహారమే ఇచ్చి గమనించాడు. అంతకుముందు ఏ జబ్బూ లేని ఆ యువకులలో చాలామంది దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరంగా జరిగారు, పగలంతా తిండి గురించే ఆలోచించారు. ఆంక్షలు తీసేశాక కొందరు కడుపు నిండినా ఆపుకోలేక తిన్నారు. ఇప్పుడు మీ ఉత్తరం మరోసారి చదువుకోండి. పగలంతా కడుపు మాడ్చుకున్న మనిషి రాత్రి వంటింట్లోకి వెళ్లడాన్ని మీరు మనోబలం లేకపోవడంగా లెక్కవేసుకుని ఏడుస్తున్నారు. నిజానికి అది ఆకలికి శరీరం ఇచ్చే జవాబు, పైగా అప్పటికే డిప్రెషన్‌తో ఉన్న శరీరం.

అంటే బరువు సంగతి వదిలేయమని కాదు. మీ ఎత్తుకు మీ బరువు లెక్కిస్తే బీఎంఐ 31 దాటుతుంది. భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయంగా వైద్యులు పరిగణిస్తారు కనుక, తగ్గాలన్న మీ కోరిక న్యాయమైనదే. అయితే 15 కిలోలు, మాఘమాసం అన్న రెండు అంకెలూ మీ ఆరోగ్యం కోసం పెట్టుకున్నవి కావు, పెళ్లి ఫోటోల కోసం పెట్టుకున్నవి. ఉన్న బరువులో 5 శాతం, అంటే మీకు సుమారు 4 కిలోలు, ఆరు నెలల్లో తగ్గి నిలబెట్టుకుంటే రక్తపోటు, చక్కెర వంటి వాటిలో మేలు కనబడడం మొదలవుతుంది. ఆ లక్ష్యాన్ని కూడా మనసు కొంత తేరుకున్నాకే మొదలుపెట్టండి. పెళ్లికి కట్టుకునే చీర మీద జాకెట్టు మాత్రం ఇప్పటి కొలతలకే కుట్టించండి. బిగుతు జాకెట్టు ముందు పెట్టుకుని తిండి మానే ఆలోచన నాకు ఎప్పుడూ నచ్చలేదు.

మందు విషయానికి వస్తే, మీ తోడికోడలి మాటలో నిజం లేకపోలేదు కానీ అందులో సగమే ఉంది. డిప్రెషన్ మందులన్నీ బరువు విషయంలో ఒకేలా పనిచేయవు. మిర్టజపైన్, పారోక్సెటిన్ వంటివి బరువు పెంచే అవకాశం ఎక్కువ. మీరు వాడిన ఎస్సిటలోప్రామ్‌తో కొందరిలో కొద్దిగా పెరుగుతుంది. ఫ్లూక్సెటిన్‌తో ఆ ఇబ్బంది తక్కువ. బ్యుప్రోపియాన్‌తో బరువు పెరగదు సరికదా కొందరిలో కాస్త తగ్గుతుంది, అయితే ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి అది అన్నివేళలా నప్పదు. పైగా, డిప్రెషన్‌లో ఆకలి చచ్చిపోయిన మనిషి తేరుకుని మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టినా బరువు పెరుగుతుంది, అది మందు ఖాతాలో వేయవలసినది కాదు. ఇవన్నీ చెబుతున్నది మీరు మందుల దుకాణానికి వెళ్లి పేరు మార్చి అడుగుతారని కాదు. "ఈ మందుతో బరువు పెరిగాను, భయం వేసి మానేశాను, వేరే మార్గం ఉందా" అని మీ వైద్యులను అడిగే హక్కు మీకుందని, ఆ ప్రశ్నకు వారి దగ్గర సమాధానాలు ఉంటాయని తెలియడానికే.

తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, కళ్లు తిరగడం, చిరాకు, చెదిరిన నిద్ర, ఇవి ఈ రకం మందులను ఒక్కసారిగా ఆపేసినప్పుడు వచ్చే లక్షణాలే. అవి సాధారణంగా కొన్ని వారాలలో సర్దుకుంటాయి. రెండు నెలల తర్వాత కూడా మొక్కల మీద ఆసక్తి లేకపోవడం, ఏడుపు, చావు ఆలోచన కొనసాగుతున్నాయంటే అది ఆ లక్షణాల కొనసాగింపు కాదని, జబ్బే తిరగబెట్టిందని నాకు అనిపిస్తోంది. మంచిగా అనిపించాక కూడా కనీసం ఆరు నెలల పాటు మందు కొనసాగించమని వైద్యులు చెప్పేది ఇందుకే. మిగిలిన మాత్రలను ఇప్పుడు మీ అంతట మీరే మొదలుపెట్టకండి. ఈ వారంలోనే మీ వైద్యులను కలిసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. మళ్లీ మొదలుపెట్టాక ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు కనుక, నాలుగు రోజులు వేసి లాభం లేదని తేల్చేయకండి. బ్యాంకులో తెలుస్తుందేమోనన్న భయం మీకు ఉండవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును మీకు ఇచ్చింది, శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలనీ చెప్పింది.

ఆ సందర్భంలోనే రక్తపరీక్షలు కూడా అడగండి. థైరాయిడ్ మందగిస్తే బరువూ పెరుగుతుంది, మనసూ మందగిస్తుంది. రక్తహీనత, బి12 లోపం ఉన్నా నీరసం, దిగులు ఎక్కువవుతాయి. నెలసరి సక్రమంగా రాకపోతే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూడాలి.

ట్రెడ్‌మిల్ మీద మీకు జరుగుతున్నది చాలావరకు ఆందోళన పనే అనిపిస్తోంది, అయినా ముందు వైద్యుల చేత గుండె పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది. అది బాగుందని తేలాక ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వ్యాయామం చేసే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి బరువెక్కుతుంది, చెమట పడుతుంది. భయం పట్టుకున్నప్పుడు కూడా సరిగ్గా ఇవే వస్తాయి కనుక, ఇంతకుముందు ఆందోళనతో బాధపడిన మనిషి మెదడు ఆ దడను ప్రమాదంగా పొరబడి ఇంకా భయపడుతుంది, ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుంది. భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు మీరు దిగి ఇంటికి వెళ్లిపోయిన ప్రతిసారీ, "దిగాను కాబట్టే బతికాను" అన్న పాఠం మెదడు నేర్చుకుంటుంది. అందుకని కొన్నాళ్లు జిమ్‌ను పక్కనపెట్టి, పక్కన ఉన్నవారితో మాట్లాడగలిగేంత వేగంతో పది నిమిషాలు నడవండి. దడ మొదలైతే పరుగున ఇంటికి రాకుండా, వేగం తగ్గించి, అది దానంతట అది దిగేవరకు అక్కడే ఉండండి. రెండు మూడు నిమిషాలైనా అలా నిలబడగలిగిన రోజును మంచి రోజుగా లెక్కవేసుకోండి. ఖాళీ కడుపుతో, రెండు కప్పుల కాఫీ తాగి వ్యాయామం చేస్తే దడ ఎక్కువవుతుందని వేరే చెప్పనక్కర్లేదు. దీన్ని పద్ధతిగా నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ గురించి మీ వైద్యులను అడగండి.

మీ మిద్దె తోట గురించి కూడా ఒక మాట. ఉత్సాహం వచ్చాక చేద్దామని డిప్రెషన్‌లో ఉన్నవారు ఎదురుచూస్తారు, కానీ ఈ జబ్బులో ఉత్సాహం పని మొదలైన తర్వాతే వస్తుంది. మొత్తం తోటను బాగుచేయాలని చూడకండి. ఒక్క కుండీలో మెంతులు చల్లి, పొద్దున్నే వెళ్లి నీళ్లు పోయండి. అందులో వెలుతురూ ఉంది, నాలుగడుగుల నడకా ఉంది.

తిండి విషయంలో నేను చెప్పేది మీకు విచిత్రంగా తోచవచ్చు: పగలు ఇంకా ఎక్కువ తినండి. పొద్దున ఇడ్లీలో పెసరట్టో, మధ్యాహ్నం కొలతగా అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు, సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి ఉడికించిన శనగలు, రాత్రి జొన్నరొట్టె, కూర. మూడు, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోతే రాత్రి పదకొండు గంటల ఆకలి చాలామందిలో రెండు, మూడు వారాల్లోనే సద్దుమణుగుతుంది. అయినా ఒక రాత్రి ఎక్కువ తిన్నారనుకోండి, మర్నాడు పొద్దుటి టిఫిన్ మానకండి. శిక్షగా మానేసిన ఆ టిఫినే మరుసటి రాత్రికి దారి తీస్తుంది. వారానికి ఒకసారైనా అలా ఆపుకోలేక తినడం మూడు నెలలుగా సాగుతుంటే అది విడిగా చికిత్స ఉన్న సమస్య కనుక, సిగ్గుపడకుండా వైద్యులకు చెప్పండి.

మీ వారి గురించి చెప్పడం కొంచెం కష్టం. ఆయన చెడ్డవారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆయనకు మీ ఆరోగ్యం గురించి దిగులే ఉండవచ్చు. కానీ తూకం ముల్లును బట్టి భార్యతో మాట్లాడాలో వద్దో నిర్ణయించుకోవడం, పుండు మీద కారం చల్లడమే. పైగా ఆ ముల్లు చెప్పేది కూడా నిజం కాదు. ముందురోజు తిన్న ఉప్పు, నెలసరి, ఒంట్లో నిలిచిన నీరు, వీటివల్ల ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ మారుతుంది, అది కొవ్వు కాదు. ఆ తూకం యంత్రాన్ని ఒక నెల పాటు అటకెక్కించండి. తర్వాత కావాలంటే వారానికి ఒకసారి, మీరొక్కరే చూసుకోండి. ఆయనతో గొడవగా కాకుండా, పిల్లలు పడుకున్నాక ఇలా చెప్పి చూడండి: "మీకు నా మీద ఉన్న శ్రద్ధ నాకు తెలుసండీ. కానీ పొద్దున్నే అంకె చూసి మీరు మాట్లాడకపోతే ఆ రోజంతా నేను తిండి తినలేను, రాత్రికి ఆగలేను. ఒక నెల బరువు ఊసెత్తకుండా, సాయంత్రం నాతో పాటు పది నిమిషాలు నడవండి." ఆయన ఒప్పుకోకపోతే, మీరు వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లండి. ఇదే మాట వైద్యుల నోట వస్తే వినే మగవారిని నేను చాలామందిని చూశాను. తోడికోడలికి మాత్రం "మందుల సంగతి డాక్టరు గారు చూసుకుంటున్నారక్కా" అన్న ఒక్క మాట చాలు.

ఇంజెక్షన్ల గురించి అడిగారు. మౌంజారో, వెగోవీ వంటివి 2025లో మన దేశంలో అందుబాటులోకి వచ్చాయి, చాలామందిలో బరువు తగ్గిస్తున్న మాటా నిజమే. అయితే తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిని ఇలాంటి మందులను మనుషులపై పరీక్షించిన ప్రధాన అధ్యయనాల్లో సాధారణంగా చేర్చుకోలేదు. చికిత్స లేకుండా, చావు ఆలోచనలతో ఉన్న ఈ సమయంలో మీరు మొదలుపెట్టవద్దనే నా సలహా. మనసు నిలకడకు వచ్చాక, మీ మానసిక వైద్యులకూ తెలిసేలా ఎండోక్రినాలజిస్టును (హార్మోన్ల వైద్యులను) సంప్రదిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

వైద్యుల గదిలో కూర్చున్నాక సగం విషయాలు గొంతులోనే ఆగిపోతాయి కనుక, ఒక కాగితం మీద ముందే రాసుకుని వెళ్లండి: మందు ఏ తేదీన మానేశారు, ఆ తర్వాత ఏమేం అనిపించింది, వారంలో ఎన్ని రాత్రులు వంటింట్లోకి వెళ్తున్నారు, చావు ఆలోచన ఎంత తరచుగా వస్తోంది. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితాన్నే వారి చేతికి ఇవ్వండి.