అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మగారు చిన్నప్పటి నుంచి గుడాకు అనే పొగాకు ముద్దతోనే పళ్ళు తోముకుంటున్నారు. ముందు పళ్ళు అరిగి పసుపు రంగు తేలాయి, చన్నీళ్ళు తగిలితే జివ్వున లాగుతున్నాయి. ఎనామిల్‌ను తిరిగి పెంచే పూత కనిపెట్టారని పత్రికలో చదివాను. అది వచ్చేదాకా ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆగవద్దు. మీరు చదివిన వార్త నిజమే కాని, అది మీ అమ్మగారికి ఇప్పట్లో అక్కరకు వచ్చేది కాదు.

పంటి పైనుండే గట్టి పొర అయిన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు అందులో కట్టలు కట్టలుగా పేర్చి ఉంటాయి. ఆ పేర్పుకు దారి చూపే అమెలోజెనిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే కణాలు, పన్ను చిగురును చీల్చుకుని బయటకు వచ్చేసరికే నశిస్తాయి కనుక, విరిగిన ఎముక అతుక్కున్నట్టు అరిగిన ఎనామిల్ తనంతట తాను పూడదు. ఆ ప్రోటీన్ చేసిన పనిని మరో పదార్థంతో చేయించాలన్నదే శాస్త్రజ్ఞుల ప్రయత్నం. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రకటించిన జెల్, పంటిపై పలుచగా అంటుకుని, లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లతో కొత్త స్ఫటికాలను పాతవాటి వరుసలోనే పెంచుతుంది. అంతకుముందు, 2019లో, చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వారు 48 గంటల్లో సుమారు 2.7 మైక్రోమీటర్ల పొరను పెంచారు. ఇవన్నీ తీసివేసిన పళ్ళపై ప్రయోగశాలలో చేసిన పరీక్షలు. పైగా దవడ పంటి కొనపై ఎనామిల్ మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. జెజియాంగ్ వారు పెంచిన పొర అందులో దాదాపు వెయ్యోవంతు మాత్రమే. ఇప్పటికే వైద్యుల చేతికి వచ్చిన పి11-4 అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క వంటిది) కూడా గుంట పడకముందు కనిపించే తెల్లమచ్చలకే గాని, అరిగిపోయిన అంచుకు పనికిరాదు.

మీ అమ్మగారి పళ్ళలో కనిపిస్తున్న పసుపు బహుశా ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అనే పొరది. దానిపై ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, అరిగినచోట కాంపోజిట్ అనే పంటి రంగు పూరకంతో కప్పే వైద్యం బరంపురంలోనైనా శ్రీకాకుళంలోనైనా దొరుకుతుంది.

అయితే గుడాకు సాగినంతకాలం ఏ పూతా నిలవదు. పొగాకు పొడిని మొలాసిస్‌తో కలిపి చేసే ఆ ముద్దను రోజుకు ఎన్నిసార్లు పెడతారో మీరు రాయలేదు. ఉదయం ఒక్కసారితో ఆగేవారు మన వైపు తక్కువే. దంతవైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు బుగ్గల లోపల, నాలుక అంచున, చిగుళ్ళపై తెల్లని లేదా ఎర్రని మచ్చలేమైనా ఉన్నాయేమో తప్పక చూడమనండి, ఎందుకంటే నోటి క్యాన్సర్ భయం పళ్ళ అరుగుదల కంటే పెద్దది. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.